మూడో అతుకు

నూట తొంభై నాలుగు వోల్టులు, నూట ఇరవై ఆంపియర్లు. భాగిస్తే ఒకటి పాయింటు ఆరు ఓములు, గుణిస్తే ఇరవై మూడు కిలోవాట్లు, ఆ పైన చిల్లర. మళ్ళీ చూశాడు. మీటర్లో అదే ముల్లు, అదే లెక్క. ముల్లు కదిలితే తప్ప లెక్క మారదని తెలుసు, అయినా చూపు అక్కణ్ణించి తీస్తే ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. చూపు తీస్తే ఎదురుగా గోడ ఉంది, గోడ అవతల ఫర్నేసు ఉంది, ఫర్నేసులో బావ ఉన్నాడు. ఉన్నాడు అనాలో, ఉండేవాడు అనాలో. నిన్న పొద్దున చెప్పులు వేసుకుందామని గడప మీద కూర్చున్న మనిషి ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో ఉండగానే గోడకి ఒరిగిపోయాడు. ఏదో ఆలోచిస్తున్నాడేమో అనుకుని అతను రెండుసార్లు పిలిచాడు, ఆలస్యమవుతోంది బావా అని విసుక్కున్నాడు కూడా. ఆ విసుగు ఇప్పుడు ఎక్కడ పారేసుకోవాలి? ఇవాళ మధ్యాహ్నం తిరిగేసరికి తన చేత్తోనే ఇనుప తలుపు దించి, తన చేత్తోనే స్విచ్ వేశాడు. ఈ విద్యుత్ దహనశాల పెట్టిన దగ్గర్నుంచీ దీనికి ఇద్దరే ఆపరేటర్లు, బావా అతనూ. ఒకడు లోపలికి పోతే రెండోవాడు కాక ఇంకెవడు వేస్తాడు స్విచ్? పక్క ఊళ్ళో ఇంకోటుంది, అక్కడికి తీసుకెళ్దాం, నీకెందుకీ నరకం అన్నారు ఆఫీసువాళ్ళు. కాని బావ ఏనాడో అనేసి పెట్టాడు, నవ్వుతూ, నోట్లో పుల్ల పెట్టుకుని పళ్ళు కుట్టుకుంటూ: నన్ను మాత్రం నువ్వే పంపాలిరోయ్, ఇంకోడైతే ఆంపియర్లు చూడకుండా ఫోను చూసుకుంటాడు. అలా అన్నప్పుడు అతనూ నవ్వాడు. ఆ నవ్వులాట మాటే ఇవాళ అతని చేతికి పనయింది.

అక్క ఒక్కటే అడిగింది. తలుపు దించబోతుంటే దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, సగంలో ఆపొద్దురా అంది, ఏం జరిగినా మీ బావని సగంలో ఆపొద్దు. అక్కకి తెలుసు. ఆపరేటరు భార్యకి తెలియంది ఏముంటుంది. ఫర్నేసుని వేడెక్కించే మూడు కాయిళ్ళలో మధ్యది మూడు అతుకుల మీద బతుకుతోందని, కొత్తదాని కోసం ఆఫీసుకి చెప్పీ చెప్పీ వీళ్ళ నోళ్ళు నొప్పెట్టాయని, ఇదిగో వస్తోంది అదిగో వస్తోంది అంటూ వాళ్ళు నాన్చుతున్నారని, అన్నం ముందు కూర్చుని బావామరుదులు రోజూ తిట్టుకుంటుంటే వడ్డించింది తనే కదా. అలాగే అక్కా అన్నాడు. ఏ ధైర్యంతో అన్నాడో. వచ్చినవాళ్ళంతా తలుపు పడగానే ఒక్కొక్కరే జారుకున్నారు, బయట వాన మొదలవడం వాళ్ళకి మంచి సాకయింది. అక్క ఇంటికెళ్ళింది. ఇల్లంటే ఎంత దూరం, దహనశాల వెనక గోడకి ఆనుకుని ఉన్న క్వార్టరే.

మూడు ఆంపియర్ల మీటర్లు, ఒక్కోదాని పక్కనే దాని వోల్టు మీటరు, మూడు జతల కళ్ళలా అతన్నే చూస్తున్నాయి. ఎరుపు ఫేజు, పసుపు ఫేజు, నీలం ఫేజు, ఒక్కో ఫేజు మీద ఒక్కో కాయిల్. చెరో చివర ఉన్న రెండూ బుద్ధిమంతులు. రెండొందల వోల్టులు, వంద ఆంపియర్లు, అంటే రెండు ఓములు, ఇరవై కిలోవాట్లు, కంపెనీవాడు కాయిల్ బిగించిన రోజు ఎంతో ఇవాళా అంతే. మధ్యలో ఉన్న పసుపుదే పొగరు. దానికీ పుట్టినప్పుడు రెండు ఓములే. ఒకసారి తెగింది, కాలిపోయిన కొసలు కత్తిరించి, మిగిలిన తీగని సాగదీసి, మెలితిప్పి అతికారు. తీగ పొట్టిదయింది, ఓములు తగ్గాయి, ఆంపియర్లు పెరిగాయి. రెండోసారి తెగింది, ఇంకొంచెం పొట్టిదయింది. పోయిన నెల మూడోసారి. మూడుసార్లూ ఖాళీ ఫర్నేసు వేడెక్కుతుంటేనే తెగింది, లోపల ఎవరూ లేరు. ఒక్కో అతుక్కీ కాస్త కాస్త తీగ పోతుంది, ఒక్కో అతుక్కీ ముల్లు కాస్త కాస్త పైకి లేస్తుంది. చూసేవాళ్ళకి ముచ్చటేస్తుంది, ముసలి కాయిల్ పడుచుపిల్లలా మండుతోందని. మండదూ మరి. వోల్టులు అవే ఉండి ఓములు తగ్గితే మండక చస్తుందా. కాని ఆ మంట దాని ఒంట్లోంచే వస్తోంది. పొట్టి తీగ మీద పెద్ద కరెంటు, రోజుకింత తీగ పైపొర రాలిపోతుంది, లోపల సన్నబడుతుంది, ఒకరోజు చెప్పాపెట్టకుండా టప్పుమంటుంది. ఇవాళ కాకూడదు. రేపు తెగిపో తల్లీ. రేపు తెగితే నిన్నేమీ అనను, ఫర్నేసే మూసేస్తాను, ఇంకెవరొచ్చినా పక్క ఊరికి పొమ్మంటాను. ఇవాళ ఒక్కరోజు. అతను యంత్రానికి దణ్ణం పెట్టే రకం కాదు, బావే అలా చేసేవాడు, స్విచ్ వేసే ముందు ప్యానెల్‌ని గేదెని నిమిరినట్టు నిమిరి, పదవే అనేవాడు. ఇవాళ ఎవరూ నిమరలేదు. ఆ మాట ఇప్పుడు గుర్తుకొచ్చింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఇప్పుడు నిమిరితే ఏమవుతుంది. లేచి ప్యానెల్ తలుపు మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది, లోపల రొద అరచేతికి తగులుతోంది. చెయ్యి తీసేశాడు.

కొత్తలో, మొదటి అతుకు వేసినప్పుడు, ఎంత పోట్లాడుకున్నారు ఇద్దరూ. తీగ తగ్గింది కాబట్టి వేడి తగ్గుతుందని బావ వాదన. తక్కువ తిన్నవాడు ఎక్కువ పని చేస్తాడట్రా, నీ చదువేమో గాని మతి పోయింది అన్నాడు. కాదు బావా, తీగ కరెంటుకి అడ్డం, అడ్డం తగ్గితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వాట్లు పెరుగుతాయి అని అతను గోడ మీద బొగ్గుతో రాసి చూపించాడు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే అడ్డం, రెంటినీ గుణిస్తే బలం, ఇంతే బావా ప్రపంచం. బావ ఆ బొగ్గు రాతలకేసి చాలాసేపు చూసి, అయితే పెళ్ళాం ఊరెళితే మొగుడికి బలం పెరుగుతుందంటావు అన్నాడు. అక్క వెనకే నుంచుని వింది, గరిటె విసిరింది. స్విచ్ వేశాక ముల్లు నూట ఐదు చూపించింది. బావ ఒప్పుకున్నాడు, ఓడిపోవడం ఆయనకి ఎప్పుడూ చిన్నతనం కాదు. ఆ రోజు నుంచీ అతన్ని లెక్కలోడా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచే అతుకులంటే ఇష్టపడటమూ మొదలుపెట్టాడు. చూశావా, తెగాక బలం పెరిగింది అనేవాడు గర్వంగా, తనే కాయిల్ అయినట్టు. తొందరగా పోతుంది బావా, ఇలా అతికిన కాయిల్ ఎక్కువ మండి తక్కువ బతుకుతుంది అని అతను చెప్తూనే ఉన్నాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. అదెప్పటి మాట, అప్పటికి కొత్తది రాదా అని బావ. కొత్తది రాలేదు. దేనికీ రాలేదు.

ఆ గోడ మీద బొగ్గు రాతలు ఇంకా లీలగా ఉన్నాయి. సున్నం వేసినా పోలేదు. అతను వాటికేసి చూడదలుచుకోలేదు, చూశాడు. తనకి ఊహ తెలిసేసరికే అమ్మా నాన్నా లేరు, అక్క పెళ్ళి చేసుకుని వెళుతూ చంకనెత్తుకుని పోయినంత పని చేసింది తమ్ముణ్ణి. కొత్త పెళ్ళికొడుకు మొహం చిట్లించి ఉంటే అది న్యాయమే. బావ మొహం చిట్లించలేదు. మీ అక్కతో పాటు నిన్నూ అంటగట్టారురా, ఒక టిక్కెట్టు మీద ఇద్దరు అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు, ఆ నవ్వులోనే వీడు మావాడు అని చాటింపు వేసేశాడు. తను చదివిన చదువు బావ చెప్పిస్తే చదివిందే. ఈ ఉద్యోగానికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందీ బావే. శవాల మధ్య ఉద్యోగమేమిటని అక్క ఏడిస్తే, ఎవరో ఒకరు పంపాలి కదే, మన పిల్లాడైతే మర్యాదగా పంపుతాడు అన్నాడు. మర్యాద. వోల్టులు, ఆంపియర్లు చూడటమే మర్యాద. తక్కువ వేడి మీద నానబెట్టకూడదు, ఎక్కువ వేడితో తొందరపెట్టకూడదు, ఎవరిని పెట్టినా మీ అమ్మని పెట్టినట్టు పెట్టు. నా లెక్క సరిగ్గా చూశావా అని ఏ శవమూ అడగదు కాబట్టి మనల్ని మనమే అడగాలి. ఇలాంటి మాటలు బావ భోజనం చేస్తూ అనేవాడు, ఆ కాసేపటికే మజ్జిగలో ఉప్పు లేదని గొడవ పెట్టేవాడు.

నూట తొంభై నాలుగు, నూట ఇరవై. ఉంది, ఇంకా ఉంది. వేడి ముల్లు కూడా నిలకడగా ఎక్కుతోంది. ఇలాగే ఇంకాసేపు.

గుండెకి మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు గ్యాసన్నాడు. రెండోసారి ఆస్పత్రిలో పెట్టారు, రెండు రక్తనాళాలు పూడాయని చెప్పి గొట్టాలేవో వేసి పంపారు. అతుకులు వేశార్రా అన్నాడు బావ వార్డులోంచి బయటికొస్తూ, ఇక చూస్కో నా ఆంపియర్లు. నిజంగానే అలా అయింది. ఆ తర్వాత నాలుగు నెలలూ బావ ఎలా తిరిగాడని. మెట్లు రెండేసి ఎక్కాడు. ఇద్దరి షిఫ్టులూ ఒక్కడే చేస్తానన్నాడు, చేశాడు కూడా. వంటింటి గోడకి సున్నం వేశాడు, పనికిరాని సైకిల్ బాగుచేశాడు, పాత పాటలు గొంతెత్తి పాడాడు. మొహం ఎర్రగా, కళ్ళు మెరుస్తూ. మనిషి తేరుకున్నాడు అక్కా అని చెప్పింది తనే. డాక్టరు నెమ్మదిగా ఉండమన్నాడు కదరా అని అక్క నసిగితే, నువ్వు ఊరుకో, ఆయన్ని చూడు ఎలా ఉన్నాడో, మునుపటికంటే బాగున్నాడు అన్నది తనే. ఒకరోజు ఈ కుర్చీలోనే కూర్చుని, మణికట్టు చాపి, చూడరా ఎన్ని ఆంపియర్లో అన్నాడు బావ. నాడి చూశాడు. టకటకటకా కొట్టుకుంటోంది. నూట ఇరవై బావా అన్నాడు నవ్వుతూ, మధ్య కాయిల్‌కి సమానం. బావ తెగ సంబరపడ్డాడు.

మధ్య కాయిల్‌కి సమానం. ఆ మాట తన నోటితోనే అన్నాడు. గోడ మీద బొగ్గుతో రాసిన చేతితోనే నాడి పట్టుకున్నాడు. అతికిన కాయిల్ ఎక్కువ మండి తక్కువ బతుకుతుందని ఊరంతటికీ తెలియకపోవచ్చు, డాక్టరుకి తెలియకపోవచ్చు, ఈ భూమ్మీద ఒక్కడికి తెలియాలి. ఆ ఒక్కడూ ముల్లు పైకి లేస్తే సంతోషించాడు. కాయిల్ ముల్లు లేచినప్పుడల్లా గుండెల్లో రాయి పడేది, బావ ముల్లు లేస్తే మాత్రం చప్పట్లు కొట్టాడు. ఏం చదివినట్టు, ఏం భాగించినట్టు. ఇంటికి పోతూ లెక్కని ఇక్కడే, చొక్కా మార్చుకున్నట్టు మార్చుకుని, కొక్కేనికి తగిలించి పోయాడు. ఇప్పుడెన్ని భాగించినా బావ మళ్ళీ చెయ్యి చాపడు. వెధవ లెక్కలు. కళ్ళు మండుతున్నాయి, పొగ లేదు ఏమీ లేదు, మండుతున్నాయి. ఏడిస్తే ముల్లు కనబడదు. ఏడవకూడదు. మోచేత్తో తుడుచుకుని మళ్ళీ చూశాడు.

అక్క ఇప్పుడు వంటింట్లో బల్బు చూస్తూ ఉంటుంది. ఇంకేం చూస్తుంది. ఆ వంటింటికి కిటికీ లేదు, పట్టపగలు కూడా బల్బు వెయ్యాల్సిందే. క్వార్టరుకి లైను లాగినప్పుడు బావే లాగాడు, దహనశాల ప్యానెల్ వెనక నుంచే, చేతికి దగ్గరగా ఉందని పసుపు ఫేజుకి తగిలించాడు. లైను పాతది, సన్నది. ఫర్నేసు స్విచ్ వేశారా, అన్ని ఆంపియర్లు ఆ తీగలోంచి పోయేసరికి దారిలోనే ముప్ఫై ఆరు వోల్టులు పోతాయి, రెండొందల ముప్ఫై ఉండాల్సింది నూట తొంభై నాలుగు అవుతుంది, వంటింట్లో బల్బు పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపుగా అయిపోతుంది. ఫర్నేసు ఆపేస్తే మళ్ళీ తెల్లగా వెలుగుతుంది. కొత్తరకం లైటు వేస్తానే, అది ఇలా తగ్గదు అని బావ ఎన్నోసార్లు అన్నాడు. అక్క వెయ్యనివ్వలేదు. ఆ బల్బే ఆవిడకి గడియారం. బల్బు తగ్గితే ఎవరో వెళుతున్నారని, పని చేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆపేది, మళ్ళీ పనిలో పడేది. బల్బు తెల్లబడితే అయిపోయింది, ఇక ఈయన వస్తాడని, పొయ్యి వెలిగించి గిన్నె పెట్టేది. కాళ్ళూ చేతులూ కడుక్కుని వీళ్ళు వచ్చేసరికి కంచంలో అన్నీ వేడివేడిగా ఉండేవి. వేరే ఇళ్ళల్లో సైకిల్ బెల్లు విని వడ్డిస్తారు, మా ఇంట్లో వోల్టులు చూసి వడ్డిస్తారు అని బావ అందరితో చెప్పుకునేవాడు.

శవంతో వచ్చే బయటివాళ్ళకి బల్బు లేదు కదా. వాళ్ళు ఆ వసారాలో బెంచీల మీద కూర్చుని, గోడ అవతలి రొద వింటూ, నిమిషానికోసారి వచ్చి అయిందా అని అడుగుతారు. ఎంతసేపని అడుగుతారు. నిజం చెప్తే అక్కడే కూలబడిపోయేవాళ్ళు ఉన్నారు. అందుకని బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వాళ్ళ మొహాలు చూసి, ఇక తట్టుకోలేరు అనిపించగానే, చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్ళి, అయిపోయిందండీ, సుఖంగా వెళ్ళారు, రేపు పొద్దున రండి అనేవాడు. వాళ్ళు ఏడ్చి, తేలికపడి, వెళ్ళిపోయేవాళ్ళు. లోపల ఫర్నేసు ఇంకా సగం పనిలోనే ఉండేది. మొదటిసారి అది తెలిసినప్పుడు అక్క బావ మీద మండిపడింది, పోయినవాళ్ళ గురించి కూడా అబద్ధాలేనా అని. బావ చెయ్యి కడుక్కుంటూ చెప్పిన జవాబు అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నిజం తట్టుకునేవాళ్ళు ఎంతమందే? నువ్వు తట్టుకుంటావు, నీకు బల్బుంది. వాళ్ళకి నా మాటే బల్బు.

నూట తొంభై నాలుగు, నూట

ముల్లు ఒకసారి వణికింది. వణకలేదు, తన కళ్ళే వణికాయి. లేదు, వణికింది. నూట పదహారు, నూట ఇరవై మూడు, మళ్ళీ నూట పది. అతుకు దగ్గర నిప్పురవ్వలు రాలుతున్నాయి, చూడక్కర్లేదు, కళ్ళకి కట్టినట్టు తెలుస్తోంది. మూడో అతుకు. బావ చివరిగా వేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక, చెమటలు కక్కుతూ, నేను వేస్తాను బావా అంటే వినకుండా, నీ లెక్కలు నువ్వు చూస్కో మెలి నా చేతికే తెలుసు అంటూ వేసిన అతుకు. పట్టుకో బావా. ఇంకొక్క అరగంట పట్టుకో. నువ్వు వేసిందే, నీ కోసమే, పట్టుకో. అతను ఎప్పుడు లేచి నిలబడ్డాడో తెలియదు, రెండు చేతులూ ప్యానెల్‌కి ఆనించి, కాయిల్‌ని బయట నుంచి అదిమి పట్టుకుంటే ఆగుతుందన్నట్టు నిలబడ్డాడు. వంద. నూట పద్దెనిమిది. డెబ్భై. గోడ అవతల టప్పుమని, ఎవరో చిటిక వేసినంత చప్పుడు. మధ్య ముల్లు బరువు దించుకున్నట్టు మెల్లగా ఎడమ పక్కకి వాలి, సున్నా మీద పడుకుంది. దాని పక్కన వోల్టు మీటరు రెండొందల ముప్ఫైకి లేచి కూర్చుంది. రొద మారింది. మూడు గొంతుల్లో ఒకటి ఆగిపోతే మిగిలిన రెంటికీ ఆ తేడా తెలిసినట్టు, కింద స్థాయిలో మూలుగుతోంది.

మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత, కుర్చీ ఉన్నది కాబట్టి కుర్చీలో పడ్డాడు. లెక్క తనంతట తనే నడుస్తోంది, ఆపుదామన్నా ఆగడం లేదు. ఇరవై, ఇరవై మూడు, ఇరవై ఉండేది, అరవై మూడు. ఇప్పుడు ఇరవై, సున్నా, ఇరవై, నలభై. దాంట్లో గోడలు తాగేసేదే ఇరవై. ఇంతకుముందు గోడలు తాగగా బావకి మిగిలింది నలభై మూడు, ఇప్పుడు మిగిలేది ఇరవై. సగం కూడా లేదు. సగంలో ఆపొద్దురా అంది. ఆపలేదక్కా, ఆపలేదు, కాని సగమే నడుస్తోంది. వేడి ముల్లు అప్పుడే కిందికి చూస్తోంది. ఇంత వేడిలో తలుపు తీసి అతుకు వేసేది మనిషి వల్ల అయ్యే పని కాదు, చల్లారనిస్తే లోపల, లోపల ఏమిటో అనుకోవడానికి కూడా అతనికి ధైర్యం లేదు, ఎందరివో చూశాడు గాని అనుకోలేడు. ఉన్న రెండు కాయిళ్ళ మీదే లాగాలి. అరగంటది గంట దాటుతుంది. గంట దాటాక అవి కూడా, ఎవరికి తెలుసు, బుద్ధిమంతులు కూడా చస్తారు. తక్కువ వేడి మీద నానబెట్టకూడదురా అన్న మనిషిని తక్కువ వేడి మీద నానబెడుతున్నాడు. బావ చెప్పిన ఒక్క మర్యాదా చెయ్యలేకపోయాడు. బతికుండగా చూడాల్సింది చూడలేదు, పోయాక చెయ్యాల్సింది చెయ్యలేదు. వాన ఇంకా కురుస్తూనే ఉంది, ఎవరి కోసమూ కాకుండా.

రెండొందల ముప్ఫై. ఆ అంకె కేసి ఎంతసేపు చూశాడో. పసుపు ఫేజు, రెండొందల ముప్ఫై. కాయిల్ తెగింది, కరెంటు లేదు, దారిలో పోయేది ఏమీ లేదు, లైనుకి ఆ చివర ఎంతుందో ఈ చివరా అంతే. ఈ చివర ఉన్నది ప్యానెల్ ఒక్కటే కాదు. ఈ చివర వంటిల్లుంది. వంటింట్లో బల్బు తెల్లగా వెలుగుతూ ఉంటుంది ఇప్పుడు. పదిహేనేళ్ళ నుంచి ఒక్కసారి కూడా అబద్ధం చెప్పని బల్బు. అయ్యో, అక్కా.

లేవబోయాడు. అప్పటికే వసారాలో అడుగుల చప్పుడు, తడి చెప్పుల చప్పుడు. అక్క గుమ్మంలో నిలబడింది. గొడుగు వేసుకోలేదు, కొంగు నెత్తిన కప్పుకుంది, చేతికి ఏదో మరక అంటుకుని ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది. నిన్నటి నుంచీ అతను ఆ మొహం చూడలేకపోయాడు, ఇప్పుడు ఆ మొహంలో పెద్ద బరువు దించుకున్న మనిషి అలసట ఉంది, ఆ అలసటని పాడు చెయ్యడానికి అతనికి చేతులెలా వస్తాయి? రొద ఆవిడకి వినబడుతోందో లేదో. వాన హోరులో వినబడదేమో. వినబడకపోతే బాగుండును.

"బల్బు తెల్లబడిందిరా," అంది అక్క. "అయిపోయిందా?"

అవునంటే అయిపోతుంది. రేపు పొద్దున దాకా ఏదో ఒకటి చేసుకుంటాడు, ఎంతసేపు పట్టినా ఒక్కడే కూర్చుంటాడు, అక్క ఇంటికెళ్ళి నడుం వాలుస్తుంది. ఇన్నేళ్ళు బావ పక్కన నిలబడి విన్న మాట, నాలుక కొసన తయారుగా ఉంది. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు, బావ తుడుచుకున్నట్టే. తుడుచుకుంటున్నానని అతనికి తెలియదు.

"అయిపోయిందక్కా," అన్నాడు. "సుఖంగా వెళ్ళాడు."

అక్క అతని చేతుల కేసి చూసింది, గుడ్డ కేసి చూసింది. ఆ తర్వాత ప్యానెల్ కేసి చూసింది, అక్కడ రెండు ముళ్ళు నిలబడి ఉన్నాయి, ఒకటి పడుకుని ఉంది. మొహంలోంచి ఆ ప్రశాంతత మెల్లగా దిగిపోవడం అతను చూశాడు.

"ఆ మాట మీ బావ బయటివాళ్ళకి చెప్పేదిరా," అంది.

అప్పుడు చెప్పాడు. మధ్యది తెగిందనీ, మన ఇల్లు ఆ మధ్య ఫేజు మీదే ఉందనీ, అందుకే బల్బు వెలిగిందనీ, బావ ఇంకా వెళ్ళలేదనీ. చెప్తూ చెప్తూ చివరికి అంకెలే మిగిలాయి, ఇరవై, ఇరవై, నలభై, అందులో సగం గోడలకి, అంటూ వసారాలో కూర్చున్న మతిలేనివాడిలా గొణుగుతున్నాడు. అక్క దగ్గరికొచ్చి అతని తల మీద చెయ్యి వేసింది, చిన్నప్పుడు జ్వరమొస్తే వేసినట్టు. లెక్కలు ఆపరా, ఎంతసేపు పడుతుందో అది చెప్పు అంది. గంట పైన అన్నాడు. ఆపలేదు కదా అంది. ఆపలేదు అన్నాడు. సరే అంది.

బావ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీలో అక్క ఎప్పుడూ కూర్చోలేదు, ఈ గదిలోకే రెండు మూడుసార్లకంటే వచ్చి ఉండదు. ఇద్దరూ ఎదురుగా మీటర్లు చూస్తూ కూర్చున్నారు. రెండొందలు, వంద. ఇటు కూడా రెండొందలు, వంద. గోడ అవతల మూలుగు సాగుతోంది, ఆగడం లేదు, ఎక్కువా అవడం లేదు. బొగ్గు రాతల దగ్గర గోడకి చెమ్మ ఎక్కింది. అక్క చేతికి అంటుకున్నది అగ్గిపుల్ల మసి. ఆ మసి చూసి అతను తల తిప్పుకున్నాడు.

"వెలుగు రాగానే లేచి పొయ్యి వెలిగించానురా," అంది అక్క, మీటర్ల కేసే చూస్తూ. "గిన్నె పెట్టాను. కంచాలు కూడా వేశాను. మూడూ వేశాను."

అతను సున్నా మీద పడుకున్న ముల్లు కేసి చూశాడు.

"వెళ్ళి ఆర్పి రావాలి," అంది. కాని లేవలేదు.